417 నంబరు సహాయకుడు

గుజరాత్ రేవు, పశువుల దొడ్డి
జనవరి 11

తారామణికి,

నాలుగు వందల గేదెల మధ్య కూర్చుని మీ బావ కనకరాజు రాస్తున్నాడు.

ముందు మీ అక్కకు చదివి వినిపించవలసిన భాగం. కాస్త గట్టిగా, హుషారుగా చదువు.

నేను కులాసా. కిందటి ఓడ పదకొండు రోజుల్లో గల్ఫు రేవు చేరింది. గేదెలు బాగున్నాయి, అన్నం బాగుంది, నిద్ర బాగుంది, సముద్రం కూడా బాగానే ఉంది. ఫోను మాత్రం పోయింది. ఒక ముర్రా గేదె దాని మీద కాలు పెట్టి, మేత అంతా తినేదాకా తియ్యలేదు. ఇక్కడి నుంచి ఊళ్లోకి వెళ్లాలంటే పూట పడుతుంది కనుక కొన్నాళ్లు ఉత్తరాలతోనే సరిపెట్టుకోవాలి. మీ అక్క కంటికి చుక్కల మందు వేళకు వేస్తున్నావు కదా. తలంటు పోసుకోవద్దని చెప్పు.

ఇక్కడ ఎర్ర సిరాతో గీత గీశాను. దీని కింద ఉన్నది అక్కకు చదవకు. ఒక కంటికి శుక్లం తీసి వారమైనా కాలేదు, రెండోది ఇంకా మిగిలే ఉంది. ఏడవకూడదని డాక్టరు చెప్పాడన్నావు.

ఫోను నా ట్రంకు పెట్టెలో భద్రంగా ఉంది. నా గొంతు బాగోలేదు. ఫోనులో రెండు మాటలు వింటే మీ అక్క పట్టేస్తుంది. కిందటి ప్రయాణంలో నాలుగు రోజులు జ్వరం కాసింది. పడుకోవడానికి చోటు లేదు. మేం ముగ్గురం సహాయకులం, మేత మోపుల మీద ఎక్కడ సందు దొరికితే అక్కడ పడుకుంటాం. జబ్బు పశువుల గదిలో పంకా ఉంది, పొడిగడ్డి ఉంది. ఒక గేదె డొక్క నొప్పితో అక్కడ పడుకుని ఉంటే నేనూ వెళ్లి పక్కన పడుకున్నాను. అది ఏమీ అనలేదు. లెక్క చూసేవాడు రోజూ తలుపు దగ్గర నుంచే చూసి రాసుకుపోయాడు. రేవు దిగాక చిట్టా చూశాను. 'జబ్బు పశువులు: రెండు. కోలుకున్నవి: రెండు.' ఆ రెండోది నేనే.

నవ్వుకుంటావని రాశాను. దీంతో పాటు ఒక కాగితాల కట్ట పంపుతున్నాను. పశువులను ఓడల్లో ఎలా తీసుకెళ్లాలో ప్రభుత్వం కొత్తగా నియమాలు రాస్తోందట, ఇది ముసాయిదా. దొడ్డి ఆఫీసులో దీన్ని టీ గ్లాసుల కింద వేశారు. ప్రభుత్వ కాగితమంటే నువ్వు పడి చస్తావు కదా, చదువుకో.

కనకరాజు

* * *

నాచారం
జనవరి 22

బావగారికి,

నమస్కారం పెట్టి, కోపంతో మొదలుపెడుతున్నాను.

ఎర్ర గీత దాకా అక్కకు చదివాను. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, మా ఆయన పడక కుర్చీ ఆక్రమించుకుని శ్రద్ధగా వింది. గీత దగ్గర ఆపితే, "అంతేనా?" అంది. కవరులోంచి రెండు కాగితాలు తీసిన చప్పుడు ఆమె విన్నది, నేను చదివింది ముప్పాతిక కాగితం. ముప్ఫై రెండేళ్లు ఆఫీసు సూపరింటెండెంటుగా చేసినదాన్ని, ఖాళీ గడి కనిపిస్తే నింపకుండా ఉండలేను. మిగతాది సొంతంగా చదివేశాను. "కామాక్షీ, నువ్వు వడ్డించకపోతే నాకు అన్నం సహించడం లేదు. ఇంటికి వచ్చాక రోజూ పొద్దున్న కాఫీ నేనే పెడతాను" అని మీరు రాసినట్టు చదివాను. అక్క నల్ల కళ్లద్దాలు సర్దుకుంది. తర్వాత, "అది ఇంకోసారి చదువు" అంది. అవే మాటలు అదే వరసలో మళ్లీ చెప్పడానికి నా తల ప్రాణం తోకకు వచ్చింది.

ఇప్పుడు కోపం సంగతి. ముసాయిదా మొత్తం రెండుసార్లు చదివాను. గేదెకు రెండు చదరపు మీటర్ల చోటు ఇవ్వాలట. రోజూ పొడిగడ్డి మార్చాలట. గాలి ఆడేందుకు పంకాలు ఉండాలట, అవి ఆగిపోతే వేరే పంకాలు ఉండాలట. జబ్బు చేస్తే విడిగా గది. అన్నీ బాగున్నాయి, నేను కాదనను. మీ గురించి ఏముందో తెలుసా? 'తగినంత మంది సహాయకులు ఉండవలెను' అని ఒక్క ముక్క. ఎక్కడ ఉండాలి, ఎక్కడ పడుకోవాలి, జ్వరం వస్తే ఏం చెయ్యాలి, ఏమీ లేదు.

కొళాయి దగ్గర వెంకటనర్సమ్మకు చెప్పాను. ఆవిడ మీకు తెలుసు, పీర్జాదిగూడ చివర ఇంకా నాలుగు గేదెలను మేపుతూ మా వీధికి పాలు పోస్తుంది. బిందె పక్కన పెట్టి, "గిదేం రూలమ్మా? బర్రెకు పంకా ఉండాలె, బర్రెను సూసుకునే మనిషికి ఉండొద్దా? ఆయనకు పానం బాగలేకుంటె బర్రెల సంగతి ఎవలు సూస్తరు?" అంది. ఇన్ని పేజీలు రాసినవాళ్లలో ఒక్కరికీ తట్టనిది ఆవిడకు బిందె నిండేలోపు తట్టింది.

ముసాయిదా మీద అభ్యంతరాలు పంపడానికి ఇంకా పద్దెనిమిది రోజులు ఉన్నాయి. నేను పంపుతున్నాను. ఈలోగా మీరు ఎవరైనా డాక్టరుకు చూపించుకోండి. గొంతు బాగోలేదని రాశారు గాని, దగ్గు ఉందో లేదో రాయలేదు. రాయనిదాన్ని చదవడమే నా ఉద్యోగం.

తారామణి

* * *

గుజరాత్ రేవు
ఫిబ్రవరి 3

తారామణీ,

కాఫీ ఏమిటి? నాకు పాలు పితకడం వచ్చు, కాచడం రాదు. ముప్ఫై ఆరేళ్ల కాపురంలో పొయ్యి వైపు వెళ్లినవాణ్ని కాదు. నా పేరు మీద ఇలాంటి మాటలు ఇవ్వకు. అదొక్కటీ కొట్టేసినట్టు ఈ ఉత్తరంలో చదివెయ్యి.

అభ్యంతరం మాత్రం పంపకు. నా మాట విను. కంపెనీవాళ్లకు తెలిస్తే వచ్చే ఓడ జాబితాలోంచి నా పేరు తీసేస్తారు. ఈసారి పెద్ద సహాయకుణ్ని నేనే. నాలుగు వందల గేదెల మీద నా మాట చెల్లుతుంది.

నీకు ఇది అర్థం కావాలి, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. పీర్జాదిగూడలో మన పాక ఉన్నచోట ఇప్పుడు అయిదంతస్తులు లేచాయి. అందులోనే మూడో అంతస్తులో మాకు ఒక ఫ్లాటు ఇచ్చారు. మీ అక్కకు నచ్చింది, కుళాయి తిప్పితే నీళ్లు వస్తాయి. నేను మాత్రం పొద్దున్నే నాలుగింటికి లేచి ఏం చెయ్యాలో తెలియక లిఫ్టులో కిందికి వెళ్లి, మళ్లీ పైకి వచ్చేవాణ్ని. సరిగ్గా మా వంటగది ఉన్నచోట కింద మా పెద్ద గేదె కట్టుగొయ్య ఉండేది. అక్కడ ఊరికే కూర్చోవడం నా వల్ల కాలేదు. అందుకే అరవై ఏళ్లు దాటాక సముద్రం మీదికి వచ్చాను. ఇక్కడ నేను ఎవరికో కావాలి. చూడకపోతే అవి రాత్రికి రాత్రి ఉబ్బిపోతాయి, చూస్తే బతుకుతాయి. ఈ ఒక్క పనీ నా చేతిలోంచి తీసెయ్యకు.

దగ్గు లేదు. గొంతు సవరించుకుంటున్నాను, అంతే.

కనకరాజు

అన్నట్టు, ఎర్ర గీత గీయడం మరిచాను. మొదటి పేరా నుంచి చివరి దాకా ఏదీ చదవకు.

* * *

నాచారం
ఫిబ్రవరి 16

బావగారికి,

మీ ఉత్తరం వచ్చేసరికి అభ్యంతరం వెళ్లిపోయింది, రసీదు కూడా వచ్చింది. మీ పేరు ఎక్కడా రాయలేదు, కంగారు పడకండి.

ఎలా రాశానో చెప్పాలి, ఎందుకంటే ఈ ఇంట్లో దాన్ని మెచ్చుకునేవాళ్లు లేరు. మీ తోడల్లుడు విని, "బాగుంది" అని క్రికెట్ పెట్టుకున్నారు. కొత్త నియమం రాయండి అని అడిగితే ఏ ఆఫీసూ రాయదు. న్యాయశాఖకు పంపాలి, కార్మికశాఖను అడగాలి, అందరూ సంతకాలు పెట్టేసరికి మీ గేదెలకు మనవలు పుడతారు. ఉన్న వాక్యంలో ఒక మాట చేర్చమంటే ఒక్క బల్ల మీదే అయిపోతుంది. అందుకని 'పశువులు అన్న మాట వచ్చినచోట పశువులు మరియు సహాయకులు అని చేర్చగలరు' అని ఒకే వాక్యం అడిగాను. మీకు చోటు, పొడి పడక, పంకా, నీళ్లు, జబ్బు గది అన్నీ ఒక్క దెబ్బకు వస్తాయి. ఏయే నియమాల్లో అన్నది విడివిడిగా రాస్తే కాగితం రెండో పేజీలోకి వెళ్తోంది. రెండో పేజీ అంటే ఫైలులో ఊడిపోయే పేజీ, నాకు తెలియనిదా. అందుకని 'నాలుగు నుంచి పంతొమ్మిది వరకు' అని టూకీగా ఒక పేజీలో ముగించాను.

ఒక్క సంతకం ఉంటే పక్కన పడేస్తారని పొద్దున్న పార్కులో నడిచేవాళ్ల దగ్గరికి వెళ్లాను. మా నడక సంఘానికి పాండురంగ పెద్ద, ఉప్పల్‌లో పుట్టి పెరిగిన మనిషి. కాగితం అటూ ఇటూ తిప్పి, "అక్కా, సముద్రం మనకు ఎంత దూరం ఉంది? మనకు గిదంత ఎందుకు?" అన్నాడు. మా బావగారు ఓడలో గేదె పక్కన పడుకున్నారని చెప్పాను. వెంటనే బెంచీ మీదికెక్కి, "ఏయ్, అందరు గిట్ల రాండ్రి. ఒక పెద్దమనిషి బర్రెతోని పండుకుంటుండట. దస్కత్ పెట్టకుండ ఎవరన్న పోయిన్రో, రేపటి సంది నాతో నడవొద్దు" అని అరిచాడు. మీ పరువు పార్కులో పోయిన మాట నిజం. నలభై మూడు సంతకాలు వచ్చిన మాట కూడా నిజం. అందులో ఇద్దరు సంతకం పక్కన, రామంతాపూర్ వైపు బస్సులు పెంచమని కూడా రాశారు.

మీ ఉత్తరంలో చదవదగ్గది ఏమీ లేదు కనుక అక్కకు మొత్తం నేనే అల్లి చదివాను. కాఫీ సంగతి కొట్టెయ్యలేదు. పైగా ఆదివారాలు ఉప్మా కూడా చేస్తానన్నారు మీరు.

బావగారూ, మూడో అంతస్తు గురించి రాసిన పేరా మాత్రం నేను ఒక్కదాన్నే కూర్చుని చదువుకున్నాను. నాకు అర్థమైంది. అయినా దగ్గుతూ గేదెలకు కావలసినవారవడం కన్నా, దగ్గకుండా మాకు కావలసినవారుగా ఉండండి.

తారామణి

* * *

గల్ఫు రేవు, ఓడ మీద
మార్చి 20

తారామణీ,

ఇది ఇక్కడి నుంచి బొంబాయి వెళ్లే మనిషికి ఇచ్చి పోస్టు చేయిస్తున్నాను.

అక్కకు: ప్రయాణం బాగా జరిగింది. గేదెలన్నీ దిగాయి. ఒక గేదెకు నుదుట తెల్ల మచ్చ ఉంటే చంద్రిక అని పేరు పెట్టాను. పిలిస్తే తల తిప్పేది. ఉప్మా గురించి నేను ఏమీ అనలేదు.

ఎర్ర గీత.

ఈసారి పదమూడు రోజులు పట్టింది. నన్ను అడుగు అంతస్తులో వేశారు. పైన రెండు అంతస్తుల ఉచ్చ, పేడ ఘాటు అంతా కిందికే దిగుతుంది. నిచ్చెన దిగగానే కళ్ల వెంట నీళ్లు, ముక్కులో మంట. గేదెలు కూడా తల పైకెత్తి గాలి కోసం చూస్తాయి. నిద్ర పట్టినా ఎక్కువసేపు సాగదు. పనివాళ్ల మీద పెత్తనం చేసే సరంగు పొడుగాటి కర్రతో వచ్చి పక్కలో పొడిచి లేపుతాడు. గేదెలను పొడిచేదీ అదే కర్ర.

తొమ్మిదో రోజున నీళ్ల గొట్టం పట్టుకుని నిచ్చెన ఎక్కుతూ సగంలో కూర్చుండిపోయాను. ఊపిరి లోపలికి వెళ్లడం లేదు. పైన వెలుతురు కనిపిస్తోంది, ఆరు మెట్లు ఎక్కితే చాలు, కాలు లేవడం లేదు. అరిచే ఓపిక లేదు. భయం వేసింది తారామణీ. నా జన్మలో ఎప్పుడూ అంత భయం వెయ్యలేదు. మీ అక్క ముఖం కనిపించింది, అదీ నల్ల కళ్లద్దాలతో. కాసేపటికి అదే సర్దుకుంది. లేచి వెళ్లి నీళ్లు పెట్టాను.

దగ్గు ఉంది. నువ్వు అడిగావు కనుక ఒప్పుకుంటున్నాను. నోట్లో లవంగం పెట్టుకుంటే రెండు గంటలు ఆగుతుంది. వచ్చే ఓడ మే నెలాఖరుకు. అది ఒక్కటీ చేసి వచ్చేస్తాను. ఈ మాట ముందు కూడా అన్నానని గుర్తు చెయ్యకు.

కనకరాజు

* * *

నాచారం
మే 9

బావగారికి,

నెలన్నరగా 'కులాసా' అన్న కార్డు ముక్క తప్ప మీ నుంచి ఏమీ లేదు. మార్చి ఉత్తరం చదివిన రోజు నుంచి నాకు నిద్ర సరిగ్గా లేదు. అక్కతో చెప్పేద్దామని మూడుసార్లు నోటిదాకా వచ్చింది. షుగరు ఎక్కువ ఉండి రెండో కన్ను వాయిదా పడింది, ఏప్రిల్‌లో చేశారు. ఆ కట్టు చూసి నోరు మూసుకున్నాను. మీ నిచ్చెన బదులు, 'ఓడ మీద నుంచి చూస్తే చందమామ నీలాగే ఉంది' అని చదివాను. అప్పుడు నేను ఏడుస్తున్నాను, ఆమె ముసిముసిగా నవ్వుతోంది.

ఇప్పుడు అసలు వార్త. తుది నియమాలు వచ్చేశాయి. ఇంత తొందరగా వస్తాయని నేను అనుకోలేదు. మన పశువులను కొనే దేశంవాళ్లు, నియమాలు లేకపోతే వచ్చే ఓడను రానిచ్చేది లేదన్నారట, ఇక్కడ కలాలు పరిగెత్తాయి. నాకు విడిగా ఒక కవరు కూడా వచ్చింది. 'మీ సూచన యథాతథంగా ఆమోదించడమైనది.' నా ముప్ఫై రెండేళ్ల సర్వీసులో ఆ మాట ఎవరూ నాకు రాయలేదు. మా ఆయన చేత క్రికెట్ ఆపించి చదివించాను. పాండురంగ పార్కులో అందరికీ జిలేబీ పంచాడు.

ఆ తర్వాత కుదురుగా కూర్చుని నియమాలు చదివాను. బావగారూ, నన్ను క్షమించాలి.

ఆ యథాతథం అన్న మాటే కొంప ముంచింది. నాలుగు నుంచి పంతొమ్మిది వరకు పశువులు అన్న ప్రతిచోటా వాళ్లు 'మరియు సహాయకులు' చేర్చేశారు. రెండు చదరపు మీటర్లు వచ్చాయి. పొడి పడక, పంకా, జబ్బు గది వచ్చాయి. పదహారో నియమం ప్రకారం సహాయకులను కర్రతో పొడవరాదు, తోక మెలిపెట్టరాదు. ఇంతవరకు సంతోషమే. కాని పదకొండో నియమం ప్రకారం సహాయకులకు చెవికి నంబరు బిళ్ల వెయ్యాలి. పన్నెండు ప్రకారం ఓడ ఎక్కే ముందు పశువైద్యుడు పరీక్షించి యోగ్యత పత్రం ఇవ్వాలి. పదమూడు ప్రకారం చూలుతో లేరని రాయించుకోవాలి. పద్నాలుగు కొమ్ముల మొనలు అరగదీయడం గురించి.

ఇదంతా నేను రెండో పేజీకి భయపడినందువల్ల. సవరణ కోరుతూ మళ్లీ రాశాను, అది వచ్చేలోపు మీ ఓడ బయలుదేరుతుంది. చెవి మాత్రం ఎవరికీ ఇవ్వకండి. మీరు నన్ను ఏమన్నా పడతాను.

తారామణి

* * *

గుజరాత్ రేవు, పశువుల దొడ్డి
మే 31

తారామణీ,

నాలుగు వందల పదహారు గేదెలు ఓడ ఎక్కాయి. 417 నంబరు ఎక్కలేదు. ఆ 417 నేను.

ఈ ఉత్తరం నిన్ను తిట్టడానికి మొదలుపెట్టాను. నిన్న పొద్దున్న గేదెలు వరసలో నిలబడితే వాటి వెనక మమ్మల్ని ముగ్గుర్నీ నిలబెట్టారు. పరీక్షించే పశువైద్యుడు సుధీంద్ర అని రాయచూరు వైపు కుర్రాడు, తెలుగు బాగా వచ్చు. పసుపు బిళ్ల తీసి నా చెవి వైపు చూశాడు, నేను అతని వైపు చూశాను. చివరకు చొక్కా జేబుకు పిన్నీసుతో పెట్టాడు. తర్వాత ఫారం తీసి గట్టిగా చదువుతూ నింపాడు. "కొమ్ములు లేవు. చూలు లేదు. గిట్టలు బాగున్నాయి." పక్కన ఉన్నవాళ్లంతా నవ్వారు. సరంగు నన్ను ముందుకు జరపడానికి కర్ర ఎత్తి, పదహారో నియమం గుర్తొచ్చి గోడకు ఆనించాడు. అప్పుడు నేనూ నవ్వాను.

మిగతా ఇద్దర్నీ అంతటితో వదిలేశాడు. నన్ను మాత్రం, "నోట్లో లవంగం ఉమ్మెయ్యండి" అన్నాడు. లవంగం సంగతి అతనికి ఎలా తెలిసిందో నాకు తెలియదు. గేదెలెక్కే వాలుబల్ల మీద రెండుసార్లు ఎక్కి దిగమన్నాడు. రెండోసారి సగంలో నిలబడిపోయాను. డొక్క దగ్గర చెవి పెట్టి విన్నాడు, గేదెకు పెట్టినట్టే.

"కనకరాజుగారూ, నేను పశువుల డాక్టర్ని. మనుషుల సంగతి నాకు తెలియదు. కాని ఈ ఊపిరి ఉన్న గేదెను మాత్రం నేను ఓడ ఎక్కించను" అని ఫారం మీద అడ్డంగా గీత కొట్టాడు.

బతిమాలాను. గేదెలకు నేను అలవాటయ్యానన్నాను. చెయ్యి పట్టుకున్నాను కూడా. అతను కదల్లేదు. మధ్యాహ్నం ఓడ వెళ్లిపోయింది. గట్టు మీద నిలబడి అది కనిపించినంతసేపు చూశాను. అరవై మూడేళ్లు వచ్చాక, అందరి ముందూ, పనికిరాని గొడ్డు కింద పక్కకు తీసి నిలబెట్టారు. నీ మీద వచ్చిన కోపానికి ఈ కాగితం మొదట రెండుసార్లు చింపాను.

సాయంత్రం అతనే స్కూటరు మీద మనుషుల దవాఖానాకు తీసుకెళ్లాడు. ఫోటో తీశారు. రెండు ఊపిరితిత్తుల్లోనూ మచ్చలున్నాయట. ఆ ఘాటు వల్లేనట. "ఇంకొక్కసారి వెళ్లి ఉంటే సముద్రం మధ్యలోనే మీ కథ అయిపోయేది" అంది అక్కడి డాక్టరమ్మ. మందులతో తగ్గుతుందట. ఆరు నెలలు పడుతుందట.

పద్దెనిమిదో నియమం ప్రకారం, యోగ్యం కాని పశువును మరియు సహాయకుని వచ్చిన చోటికే క్షేమంగా చేర్చాలట. దారిలో ఎనిమిది గంటలకోసారి మేత, నీళ్లు, తోడు ఒక మనిషి. కంపెనీవాళ్లు గొణుక్కుంటూనే సికింద్రాబాదుకు టికెట్టు తీశారు. అయితే తిరిగి తీసుకుంటానని ముందుగా యజమాని సంతకం కావాలట. సుధీంద్ర ఆ ఫారం మీ చిరునామాకు పంపానన్నాడు. నా యజమాని ఎవరు తారామణీ? నాకు తెలియక అతన్నే అడిగితే, "మీ ఇంట్లో అడగండి" అన్నాడు.

ఈసారి ఎర్ర గీత గీయలేదు. అక్కకు ఏం చదువుతావో నీ ఇష్టం.

కనకరాజు

* * *

నాచారం
జూన్ 6

ఏవండీ,

ఇది నేను, కామాక్షిని. తారామణి రాసిందనుకునేరు, చేతిరాత చూసుకోండి. మొన్న కొత్త కళ్లద్దాలు వచ్చాయి. మీ మే నెల ఉత్తరాన్ని నేనే చదువుకున్నాను. ఆ తర్వాత బియ్యం డబ్బా వెనక దాచిన మిగతావి తీసి అన్నీ చదివాను. ఎర్ర సిరా నా కంటికి బాగా ఆనుతోంది.

తారామణిని ఏమీ అనకండి. ఆమె అబద్ధం మొదటి రోజే పట్టుకున్నాను. 'కామాక్షీ' అని మీరు రాసినట్టు చదివింది. ముప్ఫై ఆరేళ్లలో మీరు నన్ను పేరు పెట్టి ఎప్పుడు పిలిచారు? 'ఏమే' అంటారు, పక్కింట్లో ఎవరైనా ఉంటే 'ఇదిగో' అంటారు. మీవి కాని మాటలని తెలిసీ ఎందుకు ఊరుకున్నానంటే, వినడానికి బాగున్నాయి. రెండోసారి కూడా చదివించుకున్నాను. చందమామ దగ్గర నవ్వు ఆపుకోవడమే కష్టమైంది.

మీ ఫోనును గేదె తొక్కలేదని కూడా తెలుసు. మార్చి ఆఖరున వెంకటనర్సమ్మ ఫోను నుంచి మీకు చేశాను. ఎవరో అనుకుని ఎత్తారు. హలో అనడానికి మీకు మూడు దగ్గులు పట్టాయి. నేను మాట్లాడకుండా పెట్టేశాను. మీరు అంత కష్టపడి దాస్తుంటే, దొరికిపోయారని చెప్పడానికి మనసు రాలేదు. ఆ రోజు ఒక్కసారి ఏడ్చాను, కంటికి ఏమీ కాలేదు.

పోయిన నెల తారామణి తలపట్టుకుని నియమాలు చదువుతుంటే పన్నెండోది విన్నాను. మనుషుల డాక్టరు దగ్గరికి మీరు వెళ్లరు, నాకు తెలుసు. గేదెల డాక్టరు నుంచి తప్పించుకోలేరు. కవరు మీద దొడ్డి ఆఫీసు నంబరు ఉంటే, దాన్ని వెంకటనర్సమ్మ చదివి పెట్టింది. సుధీంద్రతో మాట్లాడాను. 'మా ఆయన దగ్గు దాస్తాడు బాబూ, నోట్లో లవంగం ఉంటే ఉమ్మించి చూడు' అన్నాను. మన పెళ్లికి ముందు చుట్ట వాసన రాకుండా పెట్టుకున్నదీ లవంగమే కదా.

అందరి ముందూ పక్కకు తీసి నిలబెట్టారని రాశారు. ఆ మాట దగ్గర నాకు కష్టం వేసింది. కాని పక్కకు తీయబట్టే మీరు నాకు మిగిలారు. ఎక్కిన గేదెల్లో ఒక్కటీ ఇంటికి రాదు.

వచ్చాక మూడో అంతస్తులో కూర్చోమని నేను అనను. మీరు లిఫ్టులో దిగి ఎక్కడం నేను చూడలేదనుకున్నారా? వెంకటనర్సమ్మకు మోకాళ్లు పట్టేశాయి. "మీ ఆయన పానం మంచిగైనంక పొద్దుగాల వచ్చి జర నా బర్రెలను సూడుమను. పాకకు గోడల్లేవు, గాలి మస్తుగ ఆడతది. గాడ ఆయననెవలు పొడవరు" అంది. ఆరు నెలల మందులు వాడాక, నాలుగే గేదెలు, అవీ తెల్లారాకే. ఇది నా నియమం.

కాఫీ మాట మీరు ఇవ్వలేదు, నిజమే. కాని మీ పేరు మీద మూడుసార్లు విన్నాను, వదులుకోను. ఉప్మా వరకు మాఫీ చేశాను.

సుధీంద్ర పంపిన ఫారం దీనితో జత చేస్తున్నాను. తారామణి నింపుతానంటే కలం ఇవ్వలేదు. కొత్త కళ్లద్దాలతో నేను మొదట రాసింది ఇదే, తప్పులుంటే మీరే దిద్దుకోండి.

నంబరు: 417.
గుర్తులు: ఎడమ చెంప మీద పుట్టుమచ్చ.
స్వభావం: మొండి. అబద్ధాలు రాయును. పొడవదు.
తిరిగి తీసుకొనుటకు సమ్మతమేనా: సమ్మతమే.
యజమాని: కామాక్షి.